7,20,720ని చూసి ఆగిపోయారా? విడగొట్టేయండి!

పరీక్ష హాల్లో ఉన్నారు. తెర మీద టైమర్ పరుగెడుతోంది. '7,20,720కి మొత్తం ఎన్ని కారణాంకాలు?' అన్న ప్రశ్న వచ్చింది. 'అమ్మో, ఇంత పెద్ద సంఖ్యా!' అనుకుని నెక్స్ట్ నొక్కేస్తున్నారా? ఆగండి. మీరు వదిలేస్తున్నది నిమిషంలో వచ్చే మార్కు. కటాఫ్ దగ్గర ఆ ఒక్క మార్కు విలువ ఎంతో మీకు తెలిసిందే!

ముందు విడగొట్టండి

అంకెలను గమనించండి. 720 పక్కనే మళ్లీ 720. మూడంకెల సంఖ్యను ఇలా రెండుసార్లు రాస్తే, దాన్ని 1001తో గుణించినట్టే. 1001 అంటే 7×11×13. ఇది కంఠతా ఉండాల్సిందే. ఇక 720 అంటే 2⁴×3²×5. అంతే, సంఖ్య చేతికి చిక్కింది:

7,20,720 = 2⁴×3²×5×7×11×13

ఒకే సంఖ్య.. ఎన్నో ప్రశ్నలు

మొత్తం కారణాంకాలు: ప్రతి ఘాతానికీ 1 కలిపి గుణించండి. 5×3×2×2×2×2 = 240. ఇందులో 1, ఆ సంఖ్య కూడా ఉంటాయి. 'ప్రధాన కారణాంకాలు' ఎన్ని అని అడిగితే మాత్రం జవాబు 6. చాలామంది తొందరలో తప్పు చేసేది ఇక్కడే.

బేసి కారణాంకాలు: 2ని పక్కన పెట్టండి. 3×2×2×2×2 = 48. మిగిలిన 192 సరి కారణాంకాలు.

కచ్చిత వర్గం కావాలంటే: ఘాతాలన్నీ సరి సంఖ్యలు కావాలి. 5, 7, 11, 13లకు జోడీ లేదు. అందుకే 5005తో గుణించాలి. అదే 5005తో భాగించినా 144.. అంటే 12 వర్గం వస్తుంది.

క.సా.గు.: 16కి 2⁴ కావాలి, 9కి 3² కావాలి. 5, 7, 11, 13 ఎలాగూ ఉన్నాయి. కాబట్టి 1 నుంచి 16 వరకు అన్ని సంఖ్యల క.సా.గు. ఇదే. '2 నుంచి 16 వరకు దేనితో భాగించినా శేషం 1 వచ్చే, 1 కంటే పెద్దదైన కనిష్ఠ సంఖ్య?' అంటే చటుక్కున 7,20,721 పెట్టేయొచ్చు.

రామానుజన్ మెచ్చిన రకం

తనకంటే చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని కారణాంకాలున్న సంఖ్యను 'హైలీ కాంపోజిట్ నంబర్' అంటారు. 7,20,720 ఆ కోవలోదే. దీనికంటే చిన్న సంఖ్యల్లో దేనికీ 240 కారణాంకాలు లేవు. ఇలాంటి సంఖ్యలపై శ్రీనివాస రామానుజన్ 1915లో పెద్ద పరిశోధన పత్రమే ప్రచురించారు. ఆయన కూడా మొదలుపెట్టింది ప్రధాన సంఖ్యలు, వాటి ఘాతాలతోనే!

ఇప్పుడు మీ వంతు

పెన్ను తీసుకుని 3,60,360 ప్రయత్నించండి. ఎన్ని కారణాంకాలు? ఎంతతో గుణిస్తే కచ్చిత వర్గం అవుతుంది? 192, 10,010 వచ్చాయా? అయితే పరీక్షలో పెద్ద సంఖ్య కనిపిస్తే నెక్స్ట్ నొక్కకండి. రఫ్ షీట్ దగ్గరికి లాక్కోండి.