పడినవాడు లేచే వేళ

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉపాధికై వెళ్ళిన తెలుగువారెందరో ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఒక సాయంత్రం మా మేనల్లుడు వీడియో గేములో కుస్తీ పడుతున్నాడు. అతని యోధుడు నేలకూలాడు. లేస్తూనే పిడికిలి విసిరాడు, మళ్ళీ కూలాడు. మూడుసార్లూ అంతే.

"పడినందుకు కాదు మామయ్యా, లేవగానే కొట్టబోయినందుకు ఓడిపోతున్నాను" అన్నాడు.

1991లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ విడుదల చేసిన 'స్ట్రీట్ ఫైటర్ 2' వంటి ఆటల్లో కిటుకు ఇదే. పడినవాడు లేచే క్షణానికి సరిగ్గా తగిలేలా ప్రత్యర్థి దెబ్బను ముందే విసురుతాడు. అప్పుడు కాచుకోవడమే క్షేమం. అయితే, కాచుకునేవాణ్ణి పట్టి విసరివేయనూవచ్చు. కనుక ప్రత్యర్థి అలవాటును కనిపెట్టాలి.

నేనతనికి ఒక నిజమైన ముష్టియుద్ధం గురించి చెప్పాను. 1927 సెప్టెంబరు 22న షికాగోలో, ఏడవ రౌండులో, జాక్ డెంప్సీ దెబ్బకు జీన్ టన్నీ పడిపోయాడు. డెంప్సీ నిర్ణీత మూలకు వెళ్ళడానికి జాగు చేయగా, రెఫరీ లెక్క ఆలస్యంగా మొదలైంది. టన్నీ తొందరపడలేదు. తొమ్మిది వరకూ ఆగి, తేరుకుని లేచాడు. లేచాక కలబడలేదు, వెనుకకు జరుగుతూ తప్పించుకున్నాడు. చివరికి పోటీ గెలిచాడు.

నాలుగవసారి పడినప్పుడు మేనల్లుడు పిడికిలి విసరలేదు. కాచుకున్నాడు. ప్రత్యర్థి దెబ్బ వృథా అయింది.