ఎగరడానికి ముందు తేజస్‌కు పెట్టిన పరీక్షలు

2001 జనవరి 4న బెంగళూరులో మన దేశపు తేలికపాటి యుద్ధవిమానం మొదటిసారి గాలిలోకి లేచింది. అప్పటికి దానికి తేజస్ అనే పేరు ఇంకా పెట్టలేదు; ఎల్.సి.ఎ. అని పిలిచేవారు. వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ దానిని 18 నిమిషాలు నడిపి క్షేమంగా దించారు. కానీ ఆ విమానం తయారై అందరి ముందుకు వచ్చింది 1995 నవంబరులోనే! ఐదేళ్ళకు పైగా అది నేల మీదే ఎందుకు ఉండిపోయింది? ఇంత ఆలస్యమా అని ఆ రోజుల్లో చాలామంది విమర్శించారు. ఆ ఐదేళ్ళలో ఏం జరిగిందో తెలిస్తే, కొత్త విమానాన్ని ఎలా తయారు చేస్తారో మనకు చాలావరకు అర్థమవుతుంది.

మొదటి పరీక్ష విమానానికి కాదు, దాని బొమ్మకు. మనం స్కూటరు మీద వెళ్తుంటే నిశ్చలంగా ఉన్న గాలి కూడా ముఖానికి బలంగా తగులుతుంది. దీనినే తిరగవేస్తే, బొమ్మను కదలకుండా బిగించి గాలిని దాని మీదికి వేగంగా వదిలినా ఫలితం ఒకటే. దీనికోసం కట్టినదే గాలి సొరంగం. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1967 నుండి అలాంటి పెద్ద సొరంగం పనిచేస్తోంది. బొమ్మను నిలిపే చోటు 1.2 మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు. ధ్వని కన్నా తక్కువ వేగంతోనూ, ఎక్కువ వేగంతోనూ గాలిని వదలవచ్చు. బొమ్మను గాలి ఎంత పైకి ఎత్తుతోంది, ఎంత వెనక్కి నెడుతోంది అని కొలిచి రెక్కల ఆకారాన్ని సరిచేస్తారు.

తేజస్‌లో అసలు చిక్కు ఆకారంతో తీరలేదు. మనం కాగితంతో చేసే విమానం కొంచెం ఒరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. తేజస్ అలా సర్దుకోదు. గాలిలో చురుకుగా మలుపులు తిరగాలని దానిని కావాలనే అలా రూపొందించారు. అరచేతిలో కర్రను నిలబెట్టి చూడండి; చేయి క్షణం కూడా ఆగకుండా కదులుతూనే ఉండాలి. తేజస్‌ను నిలబెట్టడానికి అంత వేగంగా సర్దడం మనిషి వల్ల కాదు. అందుకే పైలట్ కర్రను కదిపితే ఆ సంకేతం ముందు కంప్యూటరుకు చేరుతుంది. రెక్కల వెనుక అంచున ఉన్న పలకలను ఎంత కదపాలో కంప్యూటరే లెక్క కడుతుంది. ఒకే లెక్కను నాలుగు మార్గాల్లో చేసి పోల్చుకుంటుంది. ఒకటి తేడా చెబితే దానిని పక్కన పెడుతుంది.

మరి ఆ ప్రోగ్రాములోనే తప్పు ఉంటే? అది గాలిలో బయటపడకూడదు. అందుకే బెంగళూరులో 'ఐరన్ బర్డ్' అనే ఏర్పాటు చేశారు. ఇనుప పక్షి అన్నమాట, కానీ చూడటానికి పక్షిలా ఉండదు, విమానంలా కూడా ఉండదు. ఇనుప చట్రం మీద అసలు విమానంలోని నూనె గొట్టాలు, పలకలను కదిపే యంత్రాలు, కంప్యూటర్లు అమర్చి ఉంటాయి. పైలట్ నేల మీదే కూర్చుని దానిని 'ఎగరేస్తాడు'. ఇంజనీర్లు కావాలనే ఒక గొట్టంలో ఒత్తిడి తగ్గిస్తారు, ఒక కంప్యూటరు మార్గాన్ని ఆపేస్తారు. ఏమవుతుందో చూసి, సరిదిద్ది, మళ్ళీ మొదటి నుండి మొదలుపెడతారు. మా ఉద్దేశంలో ఈ కథ మొత్తంలో గొప్ప భాగం ఇదే.

ఈ ప్రోగ్రామును అమెరికాలో ఒక ఎఫ్-16 విమానంలో పెట్టి కూడా ఎగిరి చూశారు. వేరే విమానంలా ప్రవర్తించగల ప్రత్యేకమైన ఎఫ్-16 అది. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టడంతో మన ఇంజనీర్లు తిరిగి రావలసి వచ్చింది. మిగిలిన పని ఇక్కడే పూర్తి చేశారు.

మొదటి ప్రయాణంతో పరీక్షలు అయిపోలేదు. కొత్త విమానం వేగాన్ని, ఎత్తును ఒక్కో మెట్టు చొప్పున పెంచుతారు. వందల కొలతలు రేడియో ద్వారా నేల మీది గదికి చేరుతూ ఉంటాయి. అక్కడి ఇంజనీర్లకు ఏ అంకె నచ్చకపోయినా ఆ రోజుకు పరీక్ష ఆపేయవచ్చు. తేజస్ ధ్వని వేగాన్ని దాటింది 2003 ఆగస్టు 1న, అంటే రెండున్నరేళ్ళ తర్వాత.

ఇంత జాగ్రత్త అవసరమా అనిపిస్తే సారస్‌ను గుర్తుచేసుకోవాలి. అది మన దేశంలో రూపొందించిన చిన్న ప్రయాణికుల విమానం. 2009 మార్చి 6న బెంగళూరు దగ్గర బిడది వద్ద దాని రెండో నమూనా కూలిపోయి ఇద్దరు టెస్ట్ పైలట్లు, ఒక ఇంజనీరు చనిపోయారు. గాలిలో ఒక ఇంజనును ఆపి మళ్ళీ స్టార్ట్ చేసే పరీక్ష అది. స్టార్ట్ చేయడానికి అనుసరించిన పద్ధతి సరైనది కాదని, ఎత్తు కూడా చాలలేదని విచారణలో తేలింది. విమానాన్నే కాదు, పరీక్ష చేసే పద్ధతిని కూడా ముందుగా పరీక్షించాలన్నమాట.

ఇక తేజస్‌కూ మనలాగే బదిలీలు తప్పలేదు! మనలో చాలామంది అమ్మానాన్నల ఉత్తర్వుల్లో చూసిన ఊళ్ళే. ఎండాకాలంలో నాగపూర్, సముద్రమట్టానికి దగ్గరగా వేగంగా ఎగరడానికి గోవా, చలికి లేహ్. లేహ్ విమానాశ్రయం 10,000 అడుగులకు పైన ఉంది, గాలి పలుచన. అక్కడ రాత్రంతా విమానాన్ని చలిలో ఆరుబయట వదిలేసి, తెల్లవారాక ఇంజను స్టార్ట్ అవుతుందో లేదో చూశారు. అయింది.