గర్భిణికి ఐరన్ మాత్ర ఒక్కటే చాలదు

శిశువు 2,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టడానికి 37 వారాలు నిండకముందే కాన్పు కావడం ఒక కారణమైతే, నెలలు నిండినా గర్భంలో తగినంత ఎదగకపోవడం మరొకటి. తల్లికి పోషకాహారం చాలకపోయినా, ఆమెకు ఇన్‌ఫెక్షన్ సోకినా ఈ రెండూ సంభవించవచ్చునని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. అయితే పోషణ లోపానికీ ఇన్‌ఫెక్షన్‌కూ మధ్య ఉన్న లంకెలలో ముఖ్యమైనది, 2001 ప్రాంతంలో హెప్సిడిన్ అనే హార్మోను వెలుగులోకి వచ్చిన తరువాతనే స్పష్టపడింది.

కాలేయంలో తయారయ్యే ఈ హార్మోను, ఆహారంలోని ఇనుము పేగుల నుంచి రక్తంలోకి ఎంత చేరాలో నియంత్రిస్తుంది. గర్భం పెరిగేకొద్దీ హెప్సిడిన్ సహజంగా తగ్గి, తల్లికీ బిడ్డకూ, బిడ్డకు ఆహారాన్నీ ప్రాణవాయువునూ అందించే మాయకూ కావలసిన ఇనుము ఎక్కువగా లభిస్తుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం సూక్ష్మజీవులకు ఇనుము దక్కనీయకుండా శరీరం హెప్సిడిన్‌ను పెంచుతుంది కనుక, గర్భిణి క్రమం తప్పకుండా మాత్రలు వేసుకుంటున్నా అందులోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రక్తహీనత తగ్గలేదన్న ఒక్క కారణంతో ఆమె మాత్రలు మింగడం లేదని నిందించడం అన్యాయం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణులలో 52 శాతం మందికి రక్తహీనత ఉంది, అంటే వారి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువ. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రను నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇవ్వడం ఎంతో అవసరమే గాని, దానితోనే పని పూర్తికాదు.

ఫాల్సిపారం మలేరియా క్రిమి చేరిన ఎర్ర రక్తకణాలు మాయలో అతుక్కుని పోగుపడి, బిడ్డకు అందే పోషణను తగ్గిస్తాయి; ఈ రకం దాడిని ఎదుర్కొనే శక్తి ఇంకా ఏర్పడని తొలిచూలు స్త్రీలకు ప్రమాదం మరీ ఎక్కువ. అందుచేత మలేరియా బెడద ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాలలో దోమతెరను కూడా పోషకాహార కార్యక్రమంలో భాగంగానే చూడాలి. మంటగాని జ్వరంగాని లేకుండా మూత్రంలో దాగి ఉండే బాక్టీరియా సైతం మూత్రపిండాలకు పాకి, నెలలు నిండని కాన్పుకు దారితీయవచ్చు. చక్కెర, ఆల్బుమిన్‌ల కోసం చేసే మామూలు మూత్రపరీక్షలో ఇది బయటపడదు; బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పరీక్షలోనే తెలుస్తుంది. మృతశిశు జననానికి కారణమయ్యే సిఫిలిస్‌ను సకాలంలో గుర్తిస్తే బెంజతీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయం చేయవచ్చు.

కనుక గర్భం నిర్ధారణ కాగానే, మొదటి మూడు నెలలలోనే పేరు నమోదు చేయించి, మాత్రలతోపాటు మూత్ర కల్చర్, సిఫిలిస్ పరీక్షలను కూడా కుటుంబసభ్యులు అడిగి చేయించాలి.