వుజూకు పనికొచ్చే నీరు తాగడానికీ పనికొస్తుందా?

నీరు శుభ్రమైనదో కాదో తేల్చుకోవడానికి మన పెద్దలు మూడు విషయాలు చూడమన్నారు: రంగు, వాసన, రుచి. మాలిన్యం పడి ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీటితో వుజూ చెల్లదని ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. మసీదు హౌజు విషయంలో హనఫీ పండితులు 'దహ్ దర్ దహ్', అంటే పది మూరల పొడవు, పది మూరల వెడల్పు అనే కొలత కూడా పెట్టారు. అంత విశాలమైన నీటిలో కాస్త మాలిన్యం పడినా పై మూడు గుణాలు మారనంతవరకు అది పరిశుద్ధమే. ఇదంతా ఆరాధనకు సంబంధించిన పరిశుద్ధత. కాని మనలో చాలామంది ఇదే కొలతను తాగే నీటికి కూడా వర్తింపజేస్తున్నారు. తేటగా ఉంది, వాసన లేదు, తియ్యగా ఉంది, ఇంకేం కావాలని అడుగుతున్నారు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ఊళ్లో ఆ మాట బొత్తిగా చాలదు.

ఈ ఊరికి పేరు పెట్టిందే ఒక నీటి ప్రేమికుడని చెప్పుకోవచ్చు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరుమీదుగా వెలసిన ఊరిది. తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్న ప్రభువు ఆయనే. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్, ఇబ్రహీంపట్నం పెద్దచెరువు రెండూ ఆయన కాలం నాటివే. (విజయవాడ పక్కన మరో ఇబ్రహీంపట్నం ఉంది. మేము చెబుతున్నది సాగర్ రోడ్డు మీది ఊరు.) చెరువు నిండితే చుట్టుపక్కల బావులన్నీ ఊరేవి. తరువాత వానలు తప్పాయి, వాగులకు అడ్డంకులు వచ్చాయి, చెరువు ఏళ్ల తరబడి ఎండింది. జనం బోర్ల మీద పడ్డారు. చిక్కు అక్కడే మొదలయింది.

ఈ ప్రాంతమంతా నల్లరాయి, గ్రానైటు నేల. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. నీరు ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచినకొద్దీ ఫ్లోరైడ్ అందులోకి కరుగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే అంత పాత నీరు, తరచు అంత ఎక్కువ ఫ్లోరైడ్. యాచారం మండలం దాటితే నల్గొండ జిల్లా మర్రిగూడ వస్తుంది. ఫ్లోరైడ్ మనిషిని ఏం చేస్తుందో మర్రిగూడ పేరు విన్న తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన మెడ, పచ్చబడిన పళ్లు. ఆ బాధ ఎంతవరకు పోయిందంటే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నియోజకవర్గం నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు. గెలవాలని కాదు, నీళ్లు కావాలని దేశానికి వినిపించడానికి. జలసాధన సమితి నడిపిన ఆ ఉద్యమాన్ని దేశమంతా వింతగా చెప్పుకుంది. జిల్లా సరిహద్దు గీత కాగితం మీదిదే కాబట్టి, నేల కింది రాయికి నల్గొండ ఏదో రంగారెడ్డి ఏదో తెలియదు.

తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా ఒకటిన్నరే. అది మించితే ముందు దెబ్బ తినేది పిల్లలు. ఎనిమిదేళ్లలోపు, చిగురు కింద శాశ్వత దంతాలు తయారయ్యే వయసులో ఈ నీరు తాగితే పళ్లపై మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. ఇంకా ఎక్కువ మోతాదులో ఏళ్లపాటు తాగితే ఎముకలకు చుట్టుకుంటుంది. దానికి మందు లేదు. అయితే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తాగే మోతాదులో రుచి కూడా తెలియదు. పెద్దల మూడు పరీక్షలూ గెలిచి మన గ్లాసులోకి వస్తుంది. అటువంటి నీటితో చేసిన వుజూ నిక్షేపంగా చెల్లుతుంది. ఆ నీటినే పసివాడికి పదేళ్లు తాగిస్తే వాడి నవ్వు పాడవుతుంది.

మరిగిస్తే పోతుందనుకునేవారున్నారు. పోదు సరికదా, ఆవిరైనంత నీరు తగ్గి మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఇంకో సంగతి చెబితే మన ఇళ్లలో కోపగించుకుంటారేమో, తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీటితో పొద్దుటి నుంచి రాత్రి దాకా మరిగే చాయ్ విషయంలో కాస్త ఆలోచించడం మంచిది.

కృష్ణ వచ్చాక

నాగార్జునసాగర్ వెనుక నీటి నుంచి హైదరాబాద్‌కు కృష్ణా జలాలు తెచ్చే పథకం మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో పూర్తయ్యాయి. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. అక్కంపల్లి జలాశయం నుంచి కోదండాపురంలో శుద్ధి అయి, మెట్టు మెట్టుగా పంపులతో ఎక్కి, యాచారం మండలం గున్‌గల్ చేరి, అక్కడి నుంచి పల్లానికి సాహెబ్‌నగర్ వైపు పోతుంది. అంటే నగరం తాగే నీరు ఇబ్రహీంపట్నం గుమ్మం ముందు నుంచే వెళుతుంది. చాలాకాలం ఇక్కడివారు ఆ పెద్ద పైపులను చూస్తూ బోరు నీరు తాగారు. ఆ తరువాత 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, పురపాలక పట్టణాల్లో 135 లీటర్లు అనే లెక్క పెట్టుకుంది. ఇబ్రహీంపట్నం కూడా మున్సిపాలిటీయే. నది నీరు నల్లాలోకి రావడం ఈ ప్రాంతానికి చిన్న మేలు కాదు. నది నీటిలో ఫ్లోరైడ్ బోరు నీటికన్నా బాగా తక్కువ. ఎవరు తెచ్చారు, ఎవరి హయాంలో తెచ్చారు అనే వాదనలు మనకొద్దు, మేలును మేలనే అందాం.

అయితే కోదండాపురంలో నీరు శుభ్రంగా ఉన్నంత మాత్రాన మన వీధి నల్లాలో కూడా అలాగే ఉందని అనుకోవడానికి వీల్లేదు. దారిలో రెండు చోట్ల అది చెడవచ్చు. ఒకటి పైపు, రెండు మన సొంత ట్యాంకు.

నీరు రోజంతా రాదు. వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, పగుళ్లు ఉంటే నీరు బయటికి కారుతుంది. ఆపగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే పగులులోంచి బయటి నీరు లోపలికి పోతుంది. పాత మహల్లాల్లో నల్లా పైపు మోరీని దాటుకుంటూ, కొన్నిచోట్ల మోరీలోనే మునిగి వస్తుంది. ఇక బయటి నీరంటే ఏ నీరో చెప్పాలా? దీనికి తోడు నల్లాకు నేరుగా మోటారు బిగించే అలవాటు ఒకటి. మోటారు పెట్టినవాడి ఇంటికి నీరు బాగా వస్తుంది, నిజమే. కాని అది పైపును పీల్చేస్తుంది, ఆ పీల్పుకు మురుగు కూడా కదిలి వస్తుంది. పక్కింటివారి నీరు తగ్గించడం ఒక అన్యాయమైతే, వారి నీటిలో మురుగు కలపడం అంతకన్నా పెద్దది. మసీదుకు వచ్చే నలుగురూ కలిసి మాట్లాడుకుంటే ఆగే పని ఇది.

ఇది ఉట్టి భయం కాదు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో నల్లా నీటిలో మురుగు కలిసి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. తోళ్ల గోదాములు, పాత ఇనుము దుకాణాల మధ్య కిక్కిరిసి బతికే మన బీద మహల్లా అది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో అతిసారం ప్రబలింది, అక్కడా కలుషితమైన నల్లా నీరే కారణం. రెండుచోట్లా నీరు శుద్ధి కేంద్రం నుంచి మంచిగానే బయలుదేరింది. ఇళ్ల దగ్గరకొచ్చి చెడింది.

విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు, ఈ మూడూ ఆ దారిన వచ్చేవే. కామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం ఉంది. మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. గర్భిణికి చివరి నెలల్లో సోకితే మాత్రం వందలో 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉన్న ఇంట్లో, ఆ నాలుగు నెలలైనా కాచి చల్లార్చిన నీరు ఇవ్వడం పెద్ద శ్రమ కాదు. మరిగించడం ఫ్లోరైడ్‌ను తీయలేదని పైన చెప్పాం, కాని క్రిములను చంపడంలో దానికి సాటి లేదు. ఏ జబ్బుకు ఏ జాగ్రత్తో తెలుసుకోవాలనడం ఇందుకే.

ట్యాంకులో రెండు నీళ్లు

చాలా ఇళ్లలో, దాదాపు అన్ని మసీదుల్లో, మిద్దె మీద ఒకటే ట్యాంకు. నల్లా వచ్చినప్పుడు సంపు నుంచి ఎక్కుతుంది, రానప్పుడు బోరు వేస్తారు. ఎండాకాలంలోనో పైపులైను మరమ్మతు రోజుల్లోనో ఎక్కువ వంతు బోరు నీరే. కింద కుళాయి తిప్పినవాడికి ఆ తేడా తెలియదు. మసీదు ట్యాంకు నీటితో వుజూ చేస్తాం, అభ్యంతరం లేదు. కాని బడికి వెళ్లే పిల్లలు, ఎండనపడి వచ్చినవారు అదే కుళాయికి నోరు పెడతారు. రంజాన్‌లో ఇఫ్తారుకు షర్బతు కలిపేదీ తరచు ఆ నీటితోనే. రోజంతా ఖాళీగా ఉన్న కడుపులోకి మొట్టమొదట పోయే నీరు అది. ముతవల్లీలు, కమిటీ పెద్దలు ఒక పని చేయవచ్చు. తాగడానికి నల్లా నీరు మాత్రమే పట్టే చిన్న ట్యాంకు వేరుగా పెట్టి, ఆ కుళాయి పైన 'తాగునీరు' అని రాయించడం. ఖర్చు ఒక వక్త జల్సాకు వేసే షామియానా అద్దెకన్నా ఎక్కువ కాకపోవచ్చు.

రాత్రిపూట పాత్రలకు మూత పెట్టమని, నీటి తిత్తుల మూతి కట్టమని, నిలవనీటిలో మూత్రవిసర్జన చేయవద్దని ప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలిసిందే. మూత లేని సంపులు, పావురాలు వాలే ట్యాంకులు మన మసీదుల్లోనే కనిపిస్తే ఎవరిని అనాలి?

ట్యాంకు కడిగాక బ్లీచింగ్ పౌడరు వేయడం కూడా ఒక లెక్క ప్రకారం జరగాలి. మంచి రకం పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు చాలు. ముందు కొంచెం నీటిలో కలిపి, తేట మాత్రం పోసి, గంటసేపు వదిలేయాలి. నల్లాలో వచ్చే 'మందు వాసన' మీద మనవాళ్లకు ఎందుకో చిరాకు. నిజానికి నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. దారిలో కలిసిన క్రిములను చంపగా ఇంకా కొంత మిగిలిందని చెప్పే గుర్తు అది. ఎప్పుడూ ఉండే ఆ వాసన ఒక ఉదయం ఉన్నట్టుండి లేకపోతేనే అనుమానించాలి. క్లోరిన్ కూడా ఫ్లోరైడ్‌ను ఏమీ చేయలేదు.

ఇరవై లీటర్ల క్యాన్ల మాటేమిటని అడుగుతారు. ఆర్వో యంత్రం సరిగా పనిచేస్తే ఫ్లోరైడ్‌ను తీస్తుంది, ఒప్పుకోవాలి. కాని వీధి చివరి ప్లాంటులో దాని పొర ఎప్పుడు మార్చారో, ఆ క్యాను ఎలా కడిగారో ఎవరూ అడగరు. పెన్నులాంటి చిన్న మీటరు ముంచి అంకె చూపిస్తారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, క్రిములున్నదీ లేనిదీ చెప్పదు. అంకె తక్కువుంటే మంచినీరని నమ్మడం రంగు, వాసన, రుచి వరుసలో నాలుగో నమ్మకం. పైగా ఒక క్యాను నింపడానికి కనీసం మరో క్యానెడు నీరు మోరీలోకి పోతుంది.

పరీక్ష ఎలా?

కష్టమేమీ కాదు. క్లోరిన్ చూసే చిన్న డబ్బా ఉంటుంది. నీటిలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, పక్కనున్న రంగులతో పోల్చుకోవాలి. క్రిములకు 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సీసా పరీక్ష ఉంది. సీసాలో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. నీరు నింపి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట పెడితే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. చదువురాని అవ్వ కూడా చూసి చెప్పగలదు. 2019లో మొదలైన కేంద్ర జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు ఇటువంటి పరీక్షలు నేర్పాలని నిర్ణయించింది. మదర్సాలోనో, మహల్లాలోని పదో తరగతి ఆడపిల్లల చేతనో ఈ పని చేయించవచ్చు.

ఫ్లోరైడ్ అంకె కోసం మాత్రం ప్రభుత్వ నీటి పరీక్షశాలకు పోవాలి. ఇక్కడ కొన్ని మెలకువలున్నాయి. నమూనా ట్యాంకు కుళాయి నుంచి ఒకటి, నేరుగా నల్లా నుంచి ఒకటి, బోరు నుంచి ఒకటి, మూడు విడివిడిగా తీయాలి. అప్పుడే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. నల్లా నమూనా వీధి మొదట్లో ఉన్న ఇంటి నుంచి కాక పైపు చివరి ఇంటి నుంచి తీయాలి. ఫ్లోరైడ్‌కు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. క్రిముల పరీక్షకు మాత్రం పరీక్షశాల వారిచ్చే సీసాయే వాడాలి, మూత లోపలివైపు వేలు తగలకూడదు, మంచుపెట్టెలో పెట్టి 24 గంటలలోపు చేర్చాలి. కాబట్టి జుమా నమాజు తరువాత అందరూ ఉన్నారు కదా అని శుక్రవారం సాయంత్రం నీరు పట్టవద్దు. శని, ఆదివారాల్లో పరీక్షశాల తెరిచి ఉండకపోవచ్చు. ఎవరింటి నల్లా నుంచి తీయాలో శుక్రవారం మాట్లాడుకుని, సోమవారం పొద్దున నీరు వదలగానే పట్టి పంపండి.