చిక్కుడు పందిరి మీద నత్రజని వేట

ధనుర్మాసం వచ్చేసరికి చిక్కుడు పందిరి పూతకొస్తుంది. తెల్లపూల పాదైనా, ఊదాపూల పాదైనా పూత గెలలు ఆకుల గుబురును దాటుకుని నిటారుగా లేస్తాయి. ఇక రెండు రోజులు మబ్బు పట్టిందా, ఆ గెలల మెడల చుట్టూ మసి పూసినట్టు నల్లగా ఏదో పేరుకుంటుంది. వేలితో రాస్తే జిగట. "పేను పట్టింది, కాస్త బూడిద చల్లండి" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆ నలుపంతా పురుగుల గుంపే, పేనుబంక. ఒక్కో పురుగు రెండు మిల్లీమీటర్లకు మించదు.

అంత చిన్న పురుగుకు వెంట్రుక కన్నా సన్నని సూదిలాంటి నోరుంది. దాన్ని లేత కాడలోకి దించి, కణాల సందుల్లోంచి తోవ వెతుక్కుంటూ, ఆకుల్లో తయారైన చక్కెర ప్రవహించే నాళాన్ని చేరుతుంది. అక్కడి నుంచి గట్టిగా పీల్చే పని కూడా ఉండదు. నాళంలో రసం ఎంత ఒత్తిడితో ఉంటుందంటే, దానంతటదే పురుగు నోట్లోకి తన్నుకొస్తుంది. 1953లో కెన్నడీ, మిట్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రసం తాగుతున్న పురుగును కోసి తప్పించి సూదిని మాత్రం మొక్కలోనే ఉంచారు. ఆ తెగిన కొసలోంచి గంటల తరబడి రసం కారుతూనే ఉంది. మొక్క నాళాల్లోని రసాన్ని కల్తీ లేకుండా పట్టుకోవడానికి ఇప్పటికీ వాడే ఉపాయాల్లో అదొకటి.

రసం నిండా చక్కెరే. ఒళ్లు పెరగడానికి కావలసిన నత్రజని మాత్రం అందులో నామమాత్రం. అందుకే పేనుబంక అవసరానికి మించి తాగుతుంది, మిగులు చక్కెరను తేనెబొట్లుగా వెనకనుంచి వదిలేస్తుంది. చీమలు బారులు తీరేది దానికోసమే. చీమ మీసాలతో మెల్లగా తడితే చాలు, పేను ఓ బొట్టు వదులుతుంది. చీమలు తాగగా మిగిలింది ఆకుల మీద పడి, దాని మీద నల్లబూజు పెరుగుతుంది. ఆకులకు తెగులొచ్చిందని మందు కొట్టేవాళ్లు ఆ బూజును చూసి కొడతారు, మూలం పై కొమ్మలో ఉందని తలెత్తి చూడరు.

చక్కెర ఎంత తాగినా కొన్ని అమైనో ఆమ్లాల లోటు తీరదు. దాన్ని తీర్చేది పురుగు కడుపులోనే కాపురముండే బుక్నెరా అనే బాక్టీరియా. దాని కోసం పురుగు ఒంట్లో ప్రత్యేకమైన కణాలే ఉన్నాయి. తల్లి నుంచి పిల్లకు పుట్టుకతోనే అందే ఈ పొత్తు వయసు పది కోట్ల సంవత్సరాల పైమాటే. 2000లో జపాను శాస్త్రవేత్తలు బుక్నెరా జన్యువుల పటాన్ని చదివితే దాదాపు 6,40,000 అక్షరాలే తేలాయి. పురుగుకు అవసరమైనవి తయారుచేసే జన్యువులు నిలిచాయి, విడిగా బతకడానికి కావలసినవి చాలావరకు రాలిపోయాయి.

ఇక సంతానం సంగతి. 1740లో జెనీవాకు చెందిన చార్లెస్ బోనే, అప్పటికి ఇరవయ్యేళ్ల కుర్రాడు, అప్పుడే పుట్టిన ఒక పేనును ఒంటరిగా ఉంచి రోజూ గమనించాడు. మగతోడు లేకుండానే అది 95 పిల్లల్ని కన్నది. తల్లి కడుపులో కూతురు, ఆ కూతురి కడుపులో అప్పటికే మనవరాలి పిండం! మన వేడి నేలల్లో ఈ నల్లపేనుకు మగపురుగుతో దాదాపు పనే పడదు. కొమ్మ మీద చోటు ఇరుకైతే రెక్కలున్న పిల్లలు పుట్టి పక్క పాదుకు ఎగిరిపోతాయి.

పందిరి కింద మట్టిలోనూ బాక్టీరియాతో ఇలాంటి పొత్తే నడుస్తోంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా తీసుకోలేదు. చిక్కుడు తన వేళ్లకు బుడిపెలు కట్టి, వాటిలో రైజోబియం బాక్టీరియాకు చోటిచ్చి, చక్కెర పెట్టి పోషిస్తుంది. బదులుగా నత్రజని తీసుకుంటుంది. పనిచేస్తున్న బుడిపెను గోటితో చీల్చి చూడండి, లోపల నెత్తుటి ఎరుపు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమే ఆ రంగు. నత్రజనిని పట్టే ఎంజైమును ఆక్సిజన్ పాడుచేస్తుంది కాబట్టి ఆక్సిజన్‌ను అదుపులో ఉంచడం ఆ ఎరుపు పదార్థం పని. ఎరువుల కర్మాగారం నాలుగు వందల డిగ్రీలకు పైబడిన వేడితో, వంద రెట్లకు మించిన వాతావరణ పీడనంతో చేసే పనిని ఈ బుడిపె మట్టి చల్లదనంలో చేసేస్తుంది. అంటే పైన కొమ్మను పీల్చే పురుగూ, కింద వేరూ ఒకే కరువుకు ఒకే ఉపాయం పట్టాయి.

ఈ సంగతి తెలియక పాదు నీరసించిందని గుప్పెడు యూరియా వేస్తాం. అందులో 46 శాతం నత్రజని. అది అందగానే పాదు బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. ఆకులు నల్లగా, మెత్తగా ఏపుగా పెరుగుతాయి, నాళాల రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. పేనుబంకకు పిలిచి విందు పెట్టినట్టే. చిక్కుడుకు మాగిన పశువుల ఎరువు, కాస్త భాస్వరం చాలు. ఇనుము, మాలిబ్డినం రవ్వంత ఉంటే నత్రజని ఎంజైము తన పని తాను చేసుకుంటుంది.

మందు జోలికి వెళ్లేముందు కొమ్మను దగ్గరగా చూడాలి. ఎర్రటి వీపు మీద నల్లచుక్కల అక్షింతల పురుగు అందరికీ తెలిసిందే. దాని పిల్లపురుగు మాత్రం పొడుగ్గా, నల్లగా, ముళ్లముళ్లుగా ఉంటుంది. దాన్నే శత్రువనుకుని నలిపేసేవాళ్లు ఎక్కువ. నిజానికి రెక్కలొచ్చేలోగా అది వందల పేనుల్ని తింటుంది. గుంపులో అక్కడక్కడా గోధుమరంగులో ఉబ్బి కదలని పేనులు కనిపిస్తే, వాటిలో సన్నని కందిరీగ పిల్లలు పెరుగుతున్నాయని అర్థం. అలాంటి కొమ్మను వదిలేయండి. మిగతా చోట్ల గొట్టంతో నీళ్లు గట్టిగా కొడితే సగం పేను కిందపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునురగ కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. వీటన్నిటికన్నా ముందు పందిరి గుంజల చుట్టూ గ్రీజు పూసి చీమల దారి కట్టేయండి. తేనెబొట్టు కోసం అక్షింతల పురుగుల్ని తరిమికొట్టే కాపలాదారులు అవే.