గాలితుపాకి నామరూపములు



మన జాతరలలో రంగురంగుల బుడగలను పలకకు వరుసగా గట్టి, కొట్టుమని చేతికిచ్చు తుపాకిని మీరందఱును చూచియే యుందురు. అందు మందు లేదు, నిప్పు లేదు, పొగ లేదు. గొట్టమును విఱిచినట్లుగా వంచి, సీసపు గుండును పెట్టి, మరల యథాస్థానమునకు దెచ్చి, మీట నొక్కినంతనే బుడగ పగులును. దీనినే గాలితుపాకి యందురు. ఈ జాతిలో మిక్కిలి పేరుగన్న వానిలో నొకటి జర్మనీ దేశపు ‘డయానా 27’. దాని వంశక్రమమును, రూపభేదములను నేడు వివరింప దలచితిని. ఇది కేవలము వేడుకకు జెప్పు మాట గాదు. పేరును మాత్రమే నమ్మి పాత తుపాకికి భాగములు కొనువాడు డబ్బు పోగొట్టుకొనును. పనిచేయు విధము నెఱుగక దానిని చేతబట్టువాడు వ్రేళ్లు పోగొట్టుకొనును. రెండవ నష్టము డబ్బుతో తీరునది కాదు.

మొదట అది పనిచేయు విధమును జూతము. గొట్టము వెనుక ఉక్కుతో చేసిన గుండ్రని గది యొకటి యుండును. అందు పిస్టనును, దాని వెనుక బలమైన స్ప్రింగును ఉండును. గొట్టమును క్రిందికి వంచినపుడు దానికి తగిలించిన కడ్డీ పిస్టనును వెనుకకు నెట్టి స్ప్రింగును అణచును. కొసకు వచ్చిన పిస్టనును లోపలి కొక్కెము పట్టుకొనును. మీట నొక్కగా కొక్కెము వదలును, స్ప్రింగు సాగును, పిస్టను ముందునకు దుమికి తన యెదుటనున్న గాలిని సన్నని రంధ్రముగుండ గుండు వెనుకకు త్రోయును. వసంతోత్సవమున పిల్లలు పట్టు చిమ్మనగ్రోవిని తలచుకొన్నచో ఈ పని సులభముగా బోధపడును. భేద మేమనగా, నీరు అణగదు, గాలి అణగును. అణగిన గాలి విడివడునప్పటి బలమే గుండునకు వేగ మిచ్చును. ఆ గుండు నడుము సన్నమై డమరుకమును బోలియుండును, వెనుకభాగము డొల్ల. గాలి తాకగానే ఆ డొల్ల యంచు విచ్చుకొని గొట్టములోని మెలిగాడులను పట్టుకొనును. అందుచేత గుండు గిఱగిఱ తిరుగుచు తిన్నగా పోవును.

ఇక చరిత్ర. జర్మనీలోని బాడెన్ సీమలో రాష్టాట్ అను పట్టణము కలదు. 1890వ సంవత్సరమున యాకోబ్ మేయర్, యోసెఫ్ గ్రామెల్‌ష్పాకర్ అను నిరువు రచట నొక కర్మాగారమును స్థాపించిరి. డయానా యనునది రోమనుల వేటదేవత పేరు. వారి ముద్రలో ఆ దేవత తన విల్లును పారవైచి, గాలితుపాకిని తలపై కెత్తి పట్టుకొని నిలిచియుండును. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వమే 27 అను సంఖ్యగల తుపాకి వారి పట్టికలో నుండెను. దానికంటె చిన్నది 25, పెద్దది 35. నడిమిది గావున 27 పెద్దలకు తేలికగాను, ఎదిగిన బాలురకు మోయదగినదిగాను ఉండెను. యుద్ధానంతరపు రూపమున దాని బరువు సుమారు 2.7 కిలోలు.

1945లో జర్మనీ ఓడిపోయినది. గెలిచిన రాజ్యములు అచ్చట ఆయుధనిర్మాణమును నిషేధించినవి. రాష్టాట్ కర్మాగారపు యంత్రములును, వానితోపాటు డయానా యను పేరును యుద్ధనష్టపరిహారముగా పోయి, స్కాట్లండులోని మిల్‌బ్రో సంస్థకు చేరినవి. ఆ సంస్థ యుద్ధపూర్వపు నమూనాల ననుసరించి డయానా పేరుతోనే తుపాకులను చేసి అమ్మసాగెను. 1950లో జర్మనులకు మరల అనుమతి లభించినది. వారిచేతిలో విద్య మిగిలినది గాని, బ్రిటనులో పేరు మిగులలేదు. కావున ఆ దేశమున తమ సరకును ‘ఒరిజినల్’ అను పేరుతో అమ్మిరి. ఆ మాటకు మూలమని యర్థము. తన పేరు పరులపాలైనవాడు ‘మూలమును నేనే’ యని చెప్పుకొనుటకు ఇంతకంటె తగిన మాట యేమున్నది? మిల్‌బ్రో వారి తుపాకుల తయారీ 1982 వఱకు సాగినది. 1984లో రాష్టాట్‌వారు తమ పాత పేరును తిరిగి కొనుక్కొనిరి. 27వ నమూనా తయారు మాత్రము ఆ దశకముననే ముగిసినది.

దీనివలన రెండు చిక్కు లేర్పడినవి. మొదటిది, ఒకే పేరున రెండు వస్తువులు. స్కాట్లండు డయానా 27 వేఱు, అదే కాలపు జర్మను డయానా 27 వేఱు. ఒకటి పాత రూపమును నిలుపుకొన్నది. రెండవది క్రొత్తగా రూపొందినది. రెండవ చిక్కు, ఒకే వస్తువునకు పలుపేళ్లు. జర్మను 27 బ్రిటనులో ఒరిజినల్ 27. అమెరికాలో 1969 మొదలు కొన్నియేండ్లు వించెస్టర్ 427. హై-స్కోర్ అను న్యూయార్కు సంస్థ అమ్మినపుడు 807. ముద్రలు నాలుగైనను లోపలి యంత్ర మొక్కటే. తాళపత్రములను పరిష్కరించువారు ఈ రెండు చిక్కులను బాగుగా నెఱుగుదురు. ఒకే గ్రంథనామముతో భిన్నగ్రంథము లుండును. ఒకే గ్రంథము భిన్ననామములతో నుండును. అట్టిచోట మకుటమును జూచి తీర్పుచెప్పరాదు, లోపలి పాఠమును జూడవలెను.

మఱి తుపాకిలో లోపలి పాఠ మెయ్యది? యుద్ధానంతరపు జర్మను 27కు ముఖ్యలక్షణము దాని మీట కట్టుబాటు. అందు సామాన్యమైన కొక్కెమునకు బదులు మూడు చిన్న ఉక్కుగోళములు పిస్టను కడ్డీని చుట్టి పట్టుకొనును. ఆ గోళములను బయటికి పోనీయక ఒక ఒఱ కప్పియుండును. మీట నొక్కగా ఒఱ జరుగును, గోళములు ప్రక్కలకు తొలగును, కడ్డీ విడివడును. స్ప్రింగు బలమంతయు గోళములమీద పడును గాని మీటమీద పడదు. అందుచే వ్రేలితో మెల్లగా నొక్కినను చాలును. చిన్నదియగు 25లో మామూలు మీట యుండగా, 25డి యనుదానిలో ఈ గోళముల కట్టుబాటే కలదు. ఒక్క యక్షరము చేర్చినంతమాత్రమున లోపలి యంత్రమే మాఱుచున్నది.

తక్కిన భేదములు చిన్నవి. గొట్టపు కొలత 4.5 మిల్లీమీటర్లు గాని, 5.5 గాని యుండును. ఒకదాని గుండు రెండవదానికి పనికిరాదు. పిస్టను కొనకు పూర్వము తోలుబిళ్ల యుండెడిది, పిదప కృత్రిమపదార్థపు బిళ్ల వచ్చినది. తోలుబిళ్ల యెండినచో గాలి కాఱి గుండు బలహీనపడును. అప్పుడప్పుడు నూనెచుక్క వేయవలెను. జర్మను తుపాకిపై గది వెనుకభాగమున చిన్న అంకెలుగా తయారైన నెలయు, సంవత్సరమును చెక్కబడి యుండును. కావున పాత తుపాకి చేతికి వచ్చినచో మొదట తయారైన దేశమును, పిదప ఈ అంకెలను, గొట్టపు కొలతను, మీట కట్టుబాటును పరీక్షించి, అటుపిమ్మటనే పేరును నమ్ముడు.

తుదకు జాగ్రత్తలు. గొట్టము వంగియున్నపుడు మీట నొక్కరాదు. స్ప్రింగు విడివడి గొట్టము మెఱుపువలె పైకి లేచి వ్రేళ్లను నలుగగొట్టును. గుండు లేకుండ పేల్చినచో పిస్టను నేరుగా ఉక్కుగోడకు తగిలి యంత్రము చెడును. మందు లేదుగదా యని పిల్లల చేతికిచ్చి విడువరాదు. ఆ చిన్నగుండు కన్నును శాశ్వతముగా పోగొట్టగలదు. తోటలో పండ్లకై వచ్చు చిలుకలను, పొలములో దిగు నెమళ్లను దానితో కొట్టుట 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. గాలితుపాకుల బలమునకును, గొట్టపు కొలతకును 2016నాటి ఆయుధ నిబంధనలలో హద్దులు గలవు. కొనదలచువారు పోలీసుఠాణాలో విచారించి మఱి కొనుట మేలు. ఇంట నున్నదానిని గుండు తీసి, స్ప్రింగు వదలి, పిల్లల కందనిచోట తాళము వేసి యుంచుడు.