తూటా ముందా? తుపాకి ముందా?

వేట రైఫిల్ గురించి కాలేజీ సావనీర్‌లో వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట నేరం. కాబట్టి ఇది ఎవరినీ అడవికి పంపే వ్యాసం కాదు. అయితే సెకండియర్‌లో మనం చదివే మెకానిక్సు అంతా ఒకేచోట కనపడే యంత్రం కావాలంటే దూరపు వేటకి చేయించుకునే రైఫిల్‌ని మించినది నాకు తారసపడలేదు.

దీని జోలికి నేను వెళ్లడానికి కారణం మా పెదనాన్నగారబ్బాయి. అమెరికాలో కొలరాడోలో ఉంటాడు. అక్కడ ఏటా శరదృతువులో లైసెన్సు తీసుకొని ఎల్క్ అనే జంతువును వేటాడతారు. మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. ఆర్డరిచ్చి ఒక రైఫిల్ చేయించుకోవాలనుకుని, "ఏ యాక్షన్ తీసుకోవాలి, ఏ కాలిబర్ తీసుకోవాలి, లెక్కకట్టి చెప్పరా" అని నాకు రాశాడు. అందరూ అడిగే వరసే అది: ముందు యాక్షన్, తర్వాత కాలిబర్. నాకు మాత్రం ఆ వరస తలకిందులుగా ఉందనిపించింది.

యాక్షన్ అంటే మరేం కాదు, తలుపు గడియ. తూటాను గొట్టం వెనక గదిలోకి తోసి, గడియ వేసి, పేలిన తర్వాత ఖాళీ ఇత్తడి డొల్లను బయటికి లాగే భాగం. పేలినప్పుడు లోపలి పీడనం తక్కువేమీ కాదు. 308 విన్‌చెస్టర్ అనే తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం వాతావరణ పీడనానికి సుమారు 4,200 రెట్లు. డొల్ల లోపలి వ్యాసం ఒక సెంటీమీటరు అనుకుని గుణించి చూడండి, గడియ మీద మూడు టన్నులకు పైగా బరువు పడుతుంది. షూటర్ చెంప ఆ గడియకి జానెడు దూరంలో ఉంటుంది!

జర్మనీలో 1898లో వచ్చిన మాసర్ గడియే ఈనాటికీ అందరికీ తాతగారు. ముందు రెండు పళ్లతో తాళం పడుతుంది, అవి విరిగితే కాపాడటానికి వెనక మూడో పన్ను. పక్కన పొడుగాటి కొక్కెం ఒకటి తూటా పెట్టెలోంచి లేస్తుండగానే దాన్ని పట్టుకుంటుంది, బయటికి విసిరేదాకా వదలదు. జిమ్ కార్బెట్ పుస్తకాలు చదివినవారికి ఆయన 275 రిగ్బీ గుర్తుండే ఉంటుంది. అది మాసర్ యాక్షన్ మీద కట్టిన రైఫిలే. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 దారి వేరు. దాని ఒళ్లు గుండ్రటి గొట్టం, లేత్ మీద పెట్టి సవరించడం తేలిక. నేటి ప్రత్యేక యాక్షన్లు చాలావరకు దాని కొలతలకే తయారవుతాయి, అందువల్ల ట్రిగ్గరూ, కొయ్య దస్తా ఎక్కడ కొన్నా అతుకుతాయి. మీదికొచ్చే అడవిదున్న ఎదుట నిలబడేవాడికి మాసర్ కొక్కెం ప్రాణం కాపాడవచ్చు. కొండ వాలు మీద పడుకొని అర కిలోమీటరు దూరం చూసేవాడికి ఆ తేడా పెద్దది కాదని నా అభిప్రాయం.

అసలు తేడా రెండు కొలతల్లో ఉంది. మొదటిది పొడవు. 308 తూటా మొత్తం పొడవు 71 మి.మీ., 1906 నాటి 30-06 పొడవు 85 మి.మీ. అందుకే యాక్షన్లు పొట్టివి, పొడుగువి అని రెండు రకాలు. రెండోది గడియ ముఖం, అంటే తూటా అడుగు కూర్చునే గుంట. మామూలు తూటాకు 12 మి.మీ., మాగ్నమ్ తూటాకు 13.5 మి.మీ. ఈ రెండూ తూటాను బట్టి వచ్చేవే. యాక్షన్ ముందు కొని తర్వాత తూటా వెతుక్కోవడమంటే, చెప్పులు కుట్టించి ఆ తర్వాత కాలు కొలుచుకోవడమే!

పోనీ కాలిబర్ ముందు తేల్చుకుందామా అంటే అది ఇంకా మోసం. 308, 30-06, 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ – ఈ మూడింటి గుండు వ్యాసమూ ఒక్కటే, 7.82 మి.మీ. వెనకనున్న మందు మాత్రం వేరు. 270 అని పిలిచేదాని గుండు 7.04 మి.మీ., 7 మి.మీ. అని పిలిచేది నిజానికి 7.21. పేర్లు పెట్టినవాళ్లకి మన ప్రాక్టికల్స్‌లో వెర్నియర్ ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక గాలి సంగతి. ఇది నాకు పుస్తకంలో కన్నా కళ్లంలో ముందు తెలిసింది. తూర్పారబట్టేటప్పుడు చేట ఎత్తి పోస్తే గట్టిగింజ కాళ్ల దగ్గరే రాలుతుంది, తాలు దూరంగా పోతుంది. గాలి ఒకటే, ఎత్తు ఒకటే. తన అడ్డుకొలతకు తగ్గ బరువు లేనిదాన్ని గాలి లాక్కుపోతుంది. గుండుకూ ఇదే నియమం. సన్నగా, పొడుగ్గా, బరువుగా ఉన్న గుండు గట్టిగింజ. పొట్టిది, తేలికది తాలు. ఈ గుణానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు బాలిస్టిక్ కోఎఫిషెంట్.

లెక్క కూడా చాలా ముచ్చటైనది. పక్కగాలి గుండును ఎంత దూరం తోస్తుందో తెలియాలంటే గుండు గాలిలో ఎంతసేపుంది అన్నది కాదు ప్రశ్న, ఎంత ఆలస్యమైంది అన్నది. శూన్యంలో పట్టే కాలాన్ని అసలు పట్టిన కాలంలోంచి తీసేసి, మిగిలినదాన్ని గాలివేగంతో గుణించాలి. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటా తీసుకుందాం. గుండు 9.3 గ్రాములు, బయల్దేరే వేగం సెకనుకు 823 మీటర్లు. 500 మీటర్లకు శూన్యంలో 0.61 సెకను, నిజంగా సుమారు 0.71. ఆలస్యం పదో వంతు సెకను. సెకనుకు 2 మీటర్ల పక్కగాలిని చూసుకోకపోతే గుండు 20 సెం.మీ. పక్కకి పోతుంది. అదే 300 మీటర్ల దగ్గర ఆ తప్పు 7 సెం.మీ. మాత్రమే. 800 దగ్గర అర మీటరు దాటుతుంది. దూరం మూడు రెట్లు కూడా పెరగలేదు, తప్పు ఎనిమిది రెట్లయింది.

భూమి లాగుడు ఇంతకన్నా పెద్దదే, 500 మీటర్లకు గుండు రెండు మీటర్ల పైచిలుకు దిగుతుంది. కాని దూరం తెలిస్తే అది రూపాయికి రూపాయి తేలే లెక్క. గాలి అలా తేలదు. మా నాన్న వేపకొమ్మ చూసి ఈ పూట తూర్పారబట్టవచ్చో లేదో చెప్పేస్తాడు. అది మా కళ్లం వరకే. లోయకు ఈ పక్కన వీచే గాలి ఆ పక్కన ఎదురు తిరగవచ్చు.

ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు 30 సెం.మీ. వెడల్పు ఉంటుందనుకుందాం. నడిమధ్యకి గురిపెట్టినా 15 సెం.మీ. పక్కకి జరిగితే చాలు, గుండు పొట్టలోకి పోవచ్చు. పొట్టలో దెబ్బ తిన్న జంతువు వెంటనే చావదు. కొండలెక్కి గంటల తరబడి తీసుకుంటుంది. కాలిబర్ గొడవంతా చివరికి దీని కోసమే.

రెండు తూటాలు పక్కపక్కన పెట్టి చూశాను. 6.5 క్రీడ్‌మూర్‌కు బయల్దేరేటప్పుడు శక్తి సుమారు 3,100 జౌళ్లు. 1962 నాటి 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నమ్‌కు 10.5 గ్రాముల గుండుతో 4,200. అర కిలోమీటరు వెళ్లేసరికి రెండింటికీ ఇంచుమించు సగమే మిగులుతుంది. మాగ్నమ్‌కి మిగిలే సగం ఎల్క్ ఎముకకు బాగా సరిపోతుంది. అయితే న్యూటన్ గారి మూడో సూత్రం భుజం మీద రాస్తుంది. నాలుగు కిలోల రైఫిల్‌లో క్రీడ్‌మూర్ వెనక్కి తన్నే శక్తి 15 జౌళ్ల ప్రాంతం, మాగ్నమ్‌ది 26. తన్నుకు భయపడి కళ్లు మూసుకునేవాడికి ఎంత శక్తి ఉన్న తూటా ఇచ్చినా దండగే. క్రీడ్‌మూర్‌లో ఇంకో తెలివి ఉంది: డొల్లను కావాలని పొట్టిగా చేశారు, పొడుగాటి గుండు పెట్టినా పొట్టి యాక్షన్‌లో పట్టేందుకు.

చిన్న జింకల వేటే అయితే నేను క్రీడ్‌మూర్, పొట్టి యాక్షన్ అనేవాణ్ణి. ఎల్క్ కనుక మాగ్నమ్, పొడుగు యాక్షన్, 13.5 మి.మీ. ముఖం అని రాశాను. గొట్టంలో మరలు ఎనిమిది, తొమ్మిది అంగుళాలకొక చుట్టు తిరగాలి, లేకపోతే పొడుగాటి గుండు బొంగరంలా నిలబడక తూలుతుంది. గొట్టం బిగించే పనివాడు నమ్మకస్తుడై ఉండాలి. 308 లాంటి తూటాకు గడియకీ గదికీ మధ్య కొలతలో చెల్లు గేజికీ చెల్లని గేజికీ తేడా మిల్లీమీటరులో పదో వంతే.

ఆ మాగ్నమ్‌తో 800 మీటర్ల దగ్గర గాలి తప్పు ఎంత తగ్గుతుందో కూడా లెక్క వేశాను. అర మీటరు దరిదాపుల్లోకి వచ్చి ఆగిపోయింది. మేస్తూ మెల్లగా కదిలే ఎల్క్ సెకనుకు ఒక మీటరు నడిచినా, 500 మీటర్ల గుండు చేరేలోగా 70 సెం.మీ. ముందుకు జరుగుతుంది. దీనికి గడియలోనూ మందులోనూ విరుగుడు లేదు. అందుకే ఉత్తరం చివర దూరం కూడా రాశాను: గాలి నిలకడగా ఉండి, జంతువు నిలబడి ఉంటే 400 మీటర్లు, లేకపోతే ఇంకా దగ్గరికి నడవమని.